కొండచీపురు సాగు: పీకితే ఒక్క ఏడు, కోస్తే ఐదేళ్లు



సంక్రాంతి వెళ్లిన పది రోజులకి కురుపాం నుంచి మొండెంఖల్లు వైపు బండి మీద వెళ్లి చూడండి. కొండ దారుల్లోంచి ఆడవాళ్లు తల మీద మోపులతో దిగుతూ కనిపిస్తారు. దూరం నుంచి పశువుల మేతలాగే ఉంటుంది. దగ్గరికొస్తే తెలుస్తుంది, అది కొండచీపురు అని. మీ ఇంట్లో గచ్చు ఊడ్చే మెత్తటి చీపురు, పట్నం షాపులో ప్లాస్టిక్ పిడి తొడిగి అమ్మేది, అది ఈ గడ్డి కంకే. ఏదో ఫ్యాక్టరీలో తయారవుతుందని అనుకునేవాళ్లు ఇప్పటికీ ఉన్నారు.

ఈసారి వీడియో దీని మీదే. దుబ్బు ఎలా విడదీయాలి, కంకిని ఎక్కడ కోయాలి అన్నది అందులో చేత్తో చేసి చూపించాను. వీడియోలో చెప్పడం కుదరని సంగతులు ఇక్కడ రాస్తున్నాను. ముఖ్యంగా నేను చేసిన తప్పు. కెమెరా ముందు చెప్పబోతే నాలుగుసార్లు మాట తడబడింది, తీసేశాను.

గడ్డే, కానీ ఏటేటా నాటక్కర్లేదు

దీని శాస్త్రీయ నామం థైసనోలీనా లాటిఫోలియా. పాత పుస్తకాల్లో థైసనోలీనా మాక్సిమా అని ఉంటుంది, రెండూ ఒకటే. వరి, చోడి, చెరకు, వెదురు ఉన్న గడ్డి కుటుంబమే దీనిదీ. ఆకు వెడల్పుగా వెదురాకును గుర్తుచేస్తుంది. దుబ్బు కట్టి మనిషెత్తు దాటుతుంది, మంచి నేల దొరికితే 3 మీటర్ల దాకా పోతుంది. వానాకాలమంతా ఆకులూ పిలకలూ వేస్తుంది. చలికాలంలో పిలక చివర నక్కతోకంత కంకి తీస్తుంది. వేసవిలో పైన ఎండి చచ్చినట్టు కనిపిస్తుంది గానీ భూమిలో దుంప బతికే ఉంటుంది. తొలకరి పడిన వారానికి పచ్చగా ముక్కులు బయటపెడుతుంది.

బహువార్షిక గడ్డి అనగానే మొన్న ఒక కుర్రాడు ఫోన్లో కెంటకీ బ్లూగ్రాస్ పచ్చిక చూపించి ఇది మన దగ్గర వస్తుందా అన్నా అని అడిగాడు. దానిదీ ఇదే కుటుంబం. అదీ భూమిలోపలి కాండంతోనే పాకుతుంది. కానీ అది చలిదేశాల గడ్డి, మన ఏప్రిల్, మే ఎండలకి ఆగదు. ఉన్నదాన్ని వదిలి దాని విత్తనాల కోసం డబ్బు పోయకండి.

కొండచీపురు మన తూర్పు కనుమలదే కాదు. మేఘాలయ, అస్సాం కొండల్లో ఉంది. భూటాన్, నేపాల్‌లో ఉంది. నేపాలీలు దీన్ని అమ్రిసో అంటారు. అక్కడ కొండచరియలు జారే చోట, రోడ్డు వేసిన కట్టల మీద మట్టి నిలవడానికి దీన్ని నాటుతారు. వేరు అంత గట్టిగా అల్లుకుంటుంది. మన పోడు వాలుకి కూడా ఇదే కావాలి. చోడి కోసిన తర్వాత ఒక్క పెద్ద వానకి మట్టి ఎలా గెడ్డలోకి దిగిపోతుందో మీకు చెప్పక్కర్లేదు.

గడ్డి కొండెక్కిపోయింది

మేం జాతాపులం. మా నాన్న పేరున కొండవాలులో అటవీ హక్కుల పట్టా ఉంది. అందులో జీడి, కింద చోడి, సామ, కంది వేస్తాం. మా పైన ఉన్న ఊరు సవరలది. ఈ పంట సంగతి నాకు నేర్పింది ఆ ఊరి పెద్దావిడే. పేరు రాయొద్దంది. నేను పెద్దమ్మా అంటాను.

ఆవిడ చిన్నప్పుడు ఊరి వెనక గెడ్డ దాటితే చీపురు దొరికేదట. ఇప్పుడు తెల్లారకుండా బయల్దేరితే ఎండ నడినెత్తికి వచ్చే వేళకి గడ్డి కనపడుతుంది. మోపు కట్టుకుని దిగేసరికి పొద్దుగూకుతుంది. "గడ్డి మాకంటే ముందు కొండెక్కిపోనాది బాబూ" అంది. నవ్వుతూనే అంది.

ఎందుకు పోయింది? ఒకటి, నిప్పు. పోడు కాల్చినప్పుడు, వేసవిలో అడవి అంటుకున్నప్పుడు దుబ్బులు కాలుతాయి. ఒకసారి కాలితే మళ్లీ వస్తుంది. ఏటా కాలితే దుంప చిక్కిపోతుంది. రెండు, జీడితోటలు. చెట్టు చిన్నగా ఉన్నప్పుడు పర్లేదు, గొడుగు కమ్మాక ఆ నీడలో దుబ్బు ఉన్నా కంకి తీయదు. మూడోది, అన్నిటికంటే పెద్దది, పీకడం. దాని దగ్గరికి వస్తాను.

ముందు డబ్బు సంగతి చెప్పాలి, లేకపోతే ఎందుకు పీకుతారో అర్థం కాదు. చోడి, సామ సంక్రాంతికి ఇంటికొచ్చేసి ఉంటాయి. అవి తిండికి. జీడిపిక్కలు చేతికొచ్చేది మార్చి, ఏప్రిల్లో. మధ్యలో రెండు నెలలు ఇంట్లో గింజలుంటాయి, చేతిలో రూపాయి ఉండదు. పిల్లల చదువుకి, ఆసుపత్రికి, పెళ్లికి పెట్టే కట్నానికి ఆ రెండు నెలల్లో కొండమీద డబ్బు పుట్టేది చీపురు దగ్గరే. అది కూడా ఎక్కువగా ఆడవాళ్ల చేతికొచ్చే డబ్బు. ఇది తెలిసిన వ్యాపారి దసరా దాటగానే అడ్వాన్సు ఇచ్చిపోతాడు. రేటు అప్పుడే మాట్లాడేసుకుంటాడు. తీసుకున్నాక కంకి ముదిరేదాకా ఎవరాగుతారు? పక్కింటి వాళ్లు ముందు వెళ్తే మనకి దొరకదు. అందుకని లేతగా ఉండగానే ఎగబడి లాక్కురావడం. అడవిలో ఉన్న గడ్డి ఎవరిదీ కాదు కాబట్టి వచ్చే ఏటి గురించి ఆలోచించి లాభం లేదు. మన గట్టు మీద ఉంటే ఆగుతాం. సొంతంగా నాటాలి అనడానికి నాకు కనిపించిన అసలు కారణం ఇదే.

నా తప్పు

మూడేళ్ల కిందట జూలైలో పెద్దమ్మ ఇచ్చిన పిలకలతో వాలులో 20 సెంట్ల మేర 200 దుబ్బులు నాటాను. మొదటి చలికాలం దుబ్బుకి నాలుగైదు కంకులు వచ్చాయి, ఇంటికి సరిపోయాయి. రెండో ఏడు జనవరిలో చూడాలి, వాలంతా కంకులే. వీడియోలు తీసుకుని అందరికీ చూపించాను.

కోత రోజు నేనూ మా తమ్ముడూ వెళ్లాం. ముందురాత్రి జల్లు పడి నేల మెత్తగా ఉంది. ఒక పుల్ల పట్టుకుని లాగితే సుళువుగా వచ్చేసింది. కొడవలి పక్కన పడేశాం. రెండు రోజుల పని పూటలో అయిపోయింది. పైగా పుల్ల పొడుగ్గా వచ్చింది, బరువు ఎక్కువ తూగుతుందని సంబరం.

సాయంత్రం పెద్దమ్మ అటుగా దిగుతూ మా మోపు చూసింది. ఒక పుల్ల తీసి మొదలు చూపించింది. మట్టి అంటుకున్న చోట తెల్లగా, బియ్యపుగింజ కంటే కొంచెం పెద్దగా రెండు మొనలు ఉన్నాయి. "ఇవేటో తెలుసా? పై యేటి పిలకలు. నువ్వు చీపురు తేనేదు బాబూ, దుబ్బే తెచ్చీసినావు."

ఆ జూలైలో లెక్కపెట్టాను. 200లో 83 దుబ్బులు చిగురు వేయలేదు. మిగిలినవాటిలో సగం బక్కగా వచ్చాయి. మూడో ఏడు మంచి దిగుబడి రావాల్సింది, రెండో ఏటిలో సగం కూడా రాలేదు.

సంగతి ఇది. ఈ గడ్డికి వచ్చే ఏటి పిలక ఈ ఏటి కాండం మొదట్లోనే మొగ్గగా ఉంటుంది. నేలకి నాలుగు వేళ్ల పైన కోస్తే మొగ్గ భూమిలో భద్రంగా ఉంటుంది. లాగితే కాండంతోపాటు మొగ్గ, వేరు, దుంప ముక్క అన్నీ వచ్చేస్తాయి. పొడి నేలలో లాగితే పుల్ల మధ్యలో ఊడివస్తుంది కాబట్టి నష్టం తక్కువ కనిపిస్తుంది. తడి నేలలో లాగడం అంటే నాటినదాన్ని మనమే పెరికేయడం. వీడియోలో రెండు పుల్లలూ పక్కపక్కన పెట్టి చూపించాను, ఆ ముక్క మాత్రం వదలకుండా చూడండి.

ఎలా నాటాలి

నీరు నిలిచే చోట వద్దు. పల్లపు మడిలో వేసిన వాళ్లవి కుళ్లిపోయాయి. వాలు నేల, రాయి కలిసిన ఎర్రమట్టి అయినా పర్లేదు. ఎండ బాగా తగలాలి. కొంచెం నీడలో దుబ్బు బతుకుతుంది గానీ కంకులు తగ్గుతాయి. మేకలు, పశువులు తిరిగే దారి అయితే మొదటి ఏడు కంచె కావాలి, లేత ఆకు వాటికి ఇష్టం. ఏనుగులకీ ఇష్టమే. కొన్నేళ్లుగా కురుపాం, కొమరాడ, జియ్యమ్మవలస వైపు గుంపు తిరుగుతోంది కదా, వాటి దారిలో నాటి ఆశపెట్టుకోకండి.

మొక్క రెండు రకాలుగా చేసుకోవచ్చు. విత్తనం నూగులా సన్నగా ఉంటుంది. ముదిరిన కంకిని గుడ్డ మీద దులిపి, మెత్తటి నారుమడిలో పైపైన చల్లి, మట్టి కప్పకుండా తడి ఆరకుండా చూసుకోవాలి. ఏప్రిల్, మేలో నీళ్లు మోయగలిగితేనే ఇది. మన కొండమీద అది కుదిరేపని కాదు. పిలకలే మేలు.

తొలకరి బాగా పడి నేల తడిశాక, మూడేళ్ల దుబ్బుని ఒక పక్క నుంచి గునపంతో ఎత్తండి. మొత్తం తవ్వొద్దు, మూడో వంతు తీస్తే చాలు, తల్లి దుబ్బు బతికే ఉంటుంది. తీసినదాన్ని రెండు మూడు పిలకలు, కొంచెం దుంప, వేర్లు ఉండేలా కత్తితో విడదీయాలి. పైన ఆకు కోసేసి జానెడు మోడు ఉంచాలి. ఆకు ఉంచితే నీరంతా ఆకు నుంచే పోయి మొక్క వాడుతుంది. బీజామృతంలో ముంచి, అరగంట నీడన పెట్టి, అదేరోజు నాటేయాలి. సంచిలో కట్టి మర్నాటికి ఉంచితే సగం చస్తాయి.

గుంత అడుగు లోతు, అడుగు వెడల్పు చాలు. దుబ్బుకీ దుబ్బుకీ 2 మీటర్ల ఎడం ఇవ్వండి. దగ్గరగా వేస్తే మొదటి రెండేళ్లు బాగుంటుంది, తర్వాత ఒకదానికొకటి అడ్డం. ఆ లెక్కన ఎకరా మొత్తం వేస్తే దాదాపు 1000 దుబ్బులు పడతాయి. కానీ ఎకరా మొత్తం వేయమని నేను చెప్పను, దాని గురించి కింద రాస్తాను. వరస ఎప్పుడూ వాలుకి అడ్డంగా పోవాలి. పై వరస గుంత కింద వరసలో రెండు గుంతల మధ్యకి రావాలి, అప్పుడు నీరు నేరుగా దిగకుండా ఆగి ఆగి దిగుతుంది.

జీవామృతం తయారీ మీ అందరికీ తెలిసిందే. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, మూత్రం, బెల్లం, పప్పుల పిండి, గట్టు మట్టి. మా ఇబ్బంది ఏమిటంటే ఆ డ్రమ్ము కొండెక్కదు. అందుకని నేను ఘనజీవామృతమే వాడతాను. నీడన ఆరబెట్టి పొడి చేసి సంచిలో మోసుకెళ్లి గుంతకి రెండు గుప్పెళ్లు నాటేటప్పుడు, మళ్లీ వినాయక చవితి ప్రాంతంలో దుబ్బు చుట్టూ రెండు గుప్పెళ్లు. అంతకుమించి ఇది అడగదు.

అడిగేది కలుపు సంగతే. మొదటి ఏడు రెండు సార్లు, కుదిరితే మూడు సార్లు చుట్టూ తీయాలి. రెండో ఏటికి దుబ్బే కింద నీడ చేసి కలుపుని తొక్కేస్తుంది. మొదటి ఏడు వరసల మధ్య చోడి గానీ, కంది గానీ, అలసంద గానీ వేసుకోండి. నేల ఖాళీగా ఉంచొద్దు. ఏడాదంతా పచ్చగా ఉండాలని ప్రకృతి వ్యవసాయంలో చెప్తారు కదా, వాలు నేలలో ఆ మాట పాటించడానికి ఇంత తక్కువ ఖర్చు మొక్క నాకు కనపడలేదు.

కోత, ఎండబెట్టడం

కంకి పూర్తిగా విచ్చుకుని, పచ్చదనం పోయి లేత ఎరుపు, గోధుమ చాయ తిరుగుతున్నప్పుడు కోయాలి. మా దగ్గర సంక్రాంతి దాటాక మొదలై ఫిబ్రవరి ఆఖరుదాకా విడతలుగా వస్తుంది. ఒక్క రోజులో అన్నీ కోయడం కుదరదు, వారానికోసారి తిరిగి తయారైనవే తీయాలి. లేతగా కోస్తే ఎండాక ముడుచుకుపోయి తూకం తగ్గుతుంది, పుల్ల మెత్తబడుతుంది. ఆలస్యం చేస్తే నూగు ఎగిరిపోయి, చిన్న పుల్లలు విరిగి, చీపురు బోడిగా తయారవుతుంది.

కోసినవి నేల మీద కాకుండా బండ మీదో, పరదా మీదో పలచగా పరిచి మూడు నాలుగు రోజులు ఎండ పెట్టండి. రాత్రి మంచు పడకుండా లోపలికి తీయాలి. ఇది పెద్ద పని అనిపిస్తుంది గానీ మంచు తగిలిన కంకి నల్లబడుతుంది, కొనేవాడు మొదట చూసేది రంగే. ఎండాక చిన్నగా దులిపితే నూగు పోతుంది. కొత్త చీపురు కొన్నప్పుడు ఇల్లంతా దుమ్ము రాలుతుందని మీరు విసుక్కుంటారే, అది ఇక్కడ దులపని బద్ధకం.

కంకులు తీశాక మోడులన్నీ కిందకి కోసేయాలి. ఆకు పశువులకి, గట్టి కాడలు దడికి, చిక్కుడు పందిరికి, పొయ్యిలోకి. మిగిలింది దుబ్బు మధ్యలో ఆచ్ఛాదనగా పరవండి. కొన్నిచోట్ల కోత అయ్యాక దుబ్బుల్ని కాల్చేస్తారు, కొత్త చిగురు జోరుగా వస్తుందని. వస్తుంది, కాదనను. కానీ ఆచ్ఛాదన పోతుంది, వాలు మట్టి బోసిపోతుంది, మంట జీడిచెట్లకి అంటుకుంటుంది. ఫిబ్రవరిలోపే చుట్టూ రెండు మూడు మీటర్ల మేర ఆకు, గడ్డి లేకుండా చెక్కేసి నిప్పుబాట వేసుకోండి. పక్కవాళ్ల పోడు ఎప్పుడు కాలుస్తారో అడిగి తెలుసుకుని ఆ రోజు అక్కడే ఉండండి.

రెండో ఏటి నుంచి మంచి దిగుబడి, మూడు, నాలుగో ఏట బాగా ఎక్కువ. ఐదో ఏటికి దుబ్బు నడిమధ్య చచ్చి వలయంలా అవుతుంది. అప్పుడు ఎత్తి విడదీసి కొత్త చోట నాటుకోవాలి.

మొత్తం చీపురే వేయొద్దు

మేఘాలయలో ఇది డబ్బు పంటగా బాగా పెరిగింది. దాంతోపాటే అక్కడ ఒక వాదనా ఉంది. పోడు వదిలేసిన బీడు భూములు, మళ్లీ అడవిగా మారాల్సినవి, చీపురు తోటలైపోయాయని. తిండి పంటలకి చోటు తగ్గిందని. ఇది మనం ముందే గుర్తుపెట్టుకోవాలి. మన దగ్గర జీడి విషయంలో ఒకసారి జరిగింది చూశాం కదా, జీడి వచ్చాక సామ, కొర్ర ఎన్ని ఇళ్లలో మిగిలాయి? నా లెక్క ఏమిటంటే వాలులో ప్రతి ఏడెనిమిది మీటర్లకి ఒక చీపురు వరస, గట్ల మీద, గెడ్డ ఒడ్డున, జీడి ఎక్కని రాతి చోట్ల. మధ్యలో తిండి గింజలు. దీన్ని కంచె పంట అనుకోండి.

అమ్మకం

గిరిజన సహకార సంస్థ 1956 నుంచి ఉంది, కొండచీపురు అది కొనే సరుకుల్లో ఒకటి. కేంద్రం చిన్నతరహా అటవీ ఉత్పత్తులకి ప్రకటించే మద్దతు ధరల్లో 2020 మేలో కొండచీపురుకి కిలో 30 రూపాయల నుంచి 50కి పెంచింది. అమ్మబోయే ముందు ఆ ఏటి రేటు డిపోలో అడిగి తెలుసుకోండి. వ్యాపారికి రేటు చెప్పేటప్పుడు ఆ అంకె మన నోట్లో ఉండాలి. 2006 అటవీ హక్కుల చట్టం ప్రకారం అడవిలో సేకరించినది అమ్ముకునే హక్కు గిరిజనులదే.

విడి కంకులు అమ్మడం, కట్టిన చీపుళ్లు అమ్మడం మధ్య తేడా చాలా ఉంది. పెద్దమ్మ కోడళ్లు పోయిన ఏడు అడ్డతీగ నారతో కట్టి సంతలో కూర్చున్నారు. మోపుగా అమ్మినప్పటి కంటే ఎక్కువే వచ్చింది. కానీ అడ్వాన్సు తీసుకోని ఇళ్లకే అది కుదిరింది. తీసుకున్నవాళ్లు మోపు ఇచ్చేయాల్సిందే. అందుకే వాళ్ల పొదుపు సంఘంలో ఈసారి దసరాకి తమలో తామే చిన్న అప్పు ఇచ్చుకుందాం అనుకుంటున్నారు. ఎలా జరిగిందో వచ్చే ఫిబ్రవరిలో అక్కడికే వెళ్లి తీస్తాను.

ఈ జూన్‌లో తొలకరి పడగానే నా 83 ఖాళీ గుంతల్లో మళ్లీ పిలకలు పెడుతున్నాను. పిలకలు పెద్దమ్మ ఇస్తానంది. డబ్బు వద్దంది, మా ఇంటి చోడి విత్తనం రెండు కుంచాలు అడిగింది. ఇంకో మాట కూడా అంది. "కోతకి ఎళ్లినప్పుడు నన్నూ పిలు బాబూ. నువ్వు కొడవలి మర్చిపోతావు."